కట్టు సామాను రోగి చేతికిస్తే ఎవరి సొమ్ము పోతుంది?

షుగర్ పుండుతో వచ్చిన మనిషికి "రోజు విడిచి రోజు డ్రెస్సింగ్‌కి రావాలి" అని చీటీ మీద రాసి పంపేసే అలవాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మెళియాపుట్టి నుంచో, హిరమండలం అవతల నుంచో పొద్దున్నే బయల్దేరి, రెండు బస్సులు మారి శ్రీకాకుళం వచ్చి, టోకెన్ తీసుకుని, మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చుంటారు. తీరా లోపలికి పిలిచాక పది నిమిషాల్లో కట్టు మార్చి పంపించేస్తాం. డాక్టరు తొంగి చూడను కూడా చూడరు. ఇలా వచ్చేవాళ్లలో సగం మందికి ఆ పని ఇంట్లో చేసుకుంటే సరిపోతుంది. ఊహించి చెప్పడం లేదు, కరోనా ఏడాదిలో చేసి చూసిన పని ఇది.

నేను స్టాఫ్ నర్సుని. 2020లో నరసన్నపేటలో ఒక చిన్న సర్జికల్ క్లినిక్‌లో ఉండేదాన్ని. ఒక డాక్టరు గారు, నేను, ఒక కాంపౌండరు, ఒక ఆయా, అంతే స్టాఫు. మార్చి 25 నుంచి లాక్‌డౌన్ అన్నారు, బస్సులు ఆగిపోయాయి. విచిత్రం ఏంటంటే అప్పటికి మన రెండు జిల్లాల్లో కరోనాయే లేదు. శ్రీకాకుళంలో ఏప్రిల్ చివరి వారం దాకా, విజయనగరంలో మే నెల వచ్చేదాకా ఒక్క కేసు కూడా నమోదు కాలేదు. గ్రీన్ జోన్ అని టీవీలో చూసి అందరం సంతోషపడ్డాం. కానీ పుండుకి గ్రీన్ జోన్, రెడ్ జోన్ తెలీవు కదా. ఆర్టీసీ బస్సు మళ్లీ రోడ్డెక్కింది మే 21న. దాదాపు రెండు నెలలు. అరికాలిలో రూపాయి బిళ్లంత పుండు ఉన్నవాడికి రెండు నెలలంటే ఏంటో డ్రెస్సింగ్ గదిలో పనిచేసిన ఎవరినైనా అడగండి.

మొదటి పదిహేను రోజులూ డ్రెస్సింగ్ పేషెంట్లు దాదాపు రాలేదు. వచ్చిన కొద్దిమందీ ఎవరి బండి వెనకో ఎక్కి, చెక్‌పోస్టులో కట్టు చూపించి, బతిమాలుకుని వచ్చినవాళ్లే. ఒకాయన కాలికి మేము కట్టిన పాత కట్టే ఉంది. రసి కారి, ఎండి, గట్టిగా అట్టకట్టింది. విప్పితే లోపల పురుగులు. ఆయన మొహం పక్కకి తిప్పుకుని "బస్సు నేదు కదమ్మా" అన్నాడు, అదేదో తన తప్పైనట్టు.

ఆ రోజు సాయంత్రమే మా డాక్టరు గారు తేల్చేశారు. వచ్చినవాళ్లకి సామాను ఇచ్చి పంపుదాం, నేర్పి పంపుదాం, ఫోన్లో చూద్దాం అన్నారు. డాక్టర్లు ఫోన్లో వైద్యం ఎలా చేయాలో చెప్పే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా సరిగ్గా ఆ మార్చి 25నే వచ్చాయి కాబట్టి ఫోన్లో చూడ్డానికి అడ్డేమీ లేదు.

ప్యాకెట్ ఎలా తయారు చేసేవాళ్లమో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కిటుకంతా అందులోనే ఉంది. గాజు గుడ్డని, అంటే పుండు మీద వేసే పల్చటి నూలు బట్టని, నాలుగు అంగుళాల ముక్కలుగా మడతపెట్టి, ఒక్కో డ్రెస్సింగ్‌కి సరిపడా ముక్కలు ఒక్కో పొట్లంలో వేసి, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టేవాళ్లం. ఒక పొట్లం విప్పితే ఒక డ్రెస్సింగ్ అయిపోవాలి, మిగలకూడదు. మిగిలితే ఏమవుతుందో తెలుసు కదా, దాన్ని మళ్లీ మడిచి బీరువాలో చీరల కింద దాస్తారు, నాలుగు రోజుల తర్వాత తీసి కడతారు. సెలైన్ కూడా అంతే. అర లీటరు సీసా ఇస్తే వారం పాటు వాడతారు. మూత తీసిన సీసా అన్ని రోజులు ఉండకూడదు. అందుకే 100 మిల్లీలీటర్లవి ఇచ్చేవాళ్లం. అవి అయిపోయినప్పుడు కాచి చల్లార్చిన నీళ్లతో కడుక్కోమనేవాళ్లం, మానుతున్న పాత పుండుకి అది చాలు. పుండుకి అంటుకోకుండా వేసే మెడికేటెడ్ నెట్, రోల్ బ్యాండేజీ, మైక్రోపోర్ టేపు, దొరికిన రోజున గ్లోవ్స్. దొరకని రోజున సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోమనడమే. చదువు రానివాళ్లు ఎక్కువ కాబట్టి ఏ రోజు ఏ పొట్లమో పొట్లం మీద గీతలు గీసి ఇచ్చేది మా ఆయా. ఆవిడకీ చదువు రాదు, కానీ ఆ గీతల లెక్క ఆవిడ పెట్టిందే.

సామాను చేతిలో పెట్టి పొమ్మనలేదు. మొదటిసారి కట్టు ఇంట్లోవాళ్లే మా ముందు కట్టాలి, నేను చేతులు కట్టుకుని చూస్తాను. పలాసలో జీడిపప్పు ఒలిచే ఆవిడ ఒకరు భర్తని తీసుకొచ్చింది. జీడి పాలు అంటి అంటి ఆవిడ వేళ్ల చివర్లు నల్లగా మాడినట్టుంటాయి. పుండుకి అంటుకుపోయిన గుడ్డ మీద సెలైన్ పోసి, నానేదాకా ఆగి, అంచు నుంచి కొంచెం కొంచెం పైకి లేపింది. చుక్క నెత్తురు రాలేదు. నేను అలా తీయాలంటే నాకు ఒక ఏడాది పట్టింది. బాగా తీశావమ్మా అంటే నవ్వి, "పప్పు బద్దయిపోతే మాకు కూలి కోసేత్తారు నర్సమ్మా, ఈ గుడ్డ తియ్యడమేటి లెక్క" అంది. చదువు లేనివాళ్లకి డ్రెస్సింగ్ ఏం వస్తుంది అనే డాక్టర్లకి ఆవిడ వేళ్లు చూపించాలని ఇప్పటికీ ఉంటుంది.

"చీటీ రాసిస్తే మెడికల్ షాపులో కొనుక్కుంటారు కదా, క్లినిక్ ఎందుకివ్వాలి?" అని అడుగుతారు. షాపులు తెరిచే ఉన్నాయి, నిజమే. లైసెన్సు ఉన్న షాపులు మందులు ఇంటికి పంపొచ్చని కేంద్రం ఆ మార్చిలోనే అనుమతి కూడా ఇచ్చింది. కానీ మందు బిళ్ల వేరు, కట్టు సామాను వేరు. బిళ్ల పేరు చీటీ మీద ఉంటే షాపువాడు అదే ఇస్తాడు. "గాజ్, బ్యాండేజీ" అని రాస్తే వాడి దగ్గర ఏది ఉంటే అది ఇస్తాడు. గాజు గుడ్డ అడిగితే దూది కట్ట ఇచ్చిన షాపులున్నాయి. దూదిని నేరుగా పుండులో పెడితే దాని పోగులు లోపల ఇరుక్కుంటాయి, తర్వాత వాటిని ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటీ ఏరాలి. పైగా అడక్కుండానే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా అంటగడతారు, నురగ వస్తే మురికి పోతోందని పేషెంటుకి ఒక తృప్తి. మానుతున్న పుండు మీద రోజూ అది పోస్తే కొత్తగా వస్తున్న కండ కూడా దెబ్బతింటుంది. ఇక నెట్ కావాలంటే డబ్బా మొత్తం కొనాలి, విడిగా ఇవ్వరు. పుండు రెండు వేళ్ల వెడల్పు ఉందో, అరచేయంత ఉందో, తడిగా ఉందో, పొడిగా ఉందో షాపువాడు చూడలేదు. చూసింది మేము. ఏది ఎంత కావాలో చూసినవాళ్లే ఇవ్వాలి.

ఇంకో మాట. ఆ మార్చిలో మాస్కులు, శానిటైజర్లు అత్యవసర సరుకులన్నారు. మూడు పొరల మాస్కు 10 రూపాయలు, 200 మిల్లీలీటర్ల శానిటైజర్ 100 రూపాయలు దాటకూడదని ధర కట్టారు. మంచిదే. గాజు గుడ్డ సంగతి, గ్లోవ్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. గ్లోవ్స్ డబ్బా రేటు మా కళ్ల ముందే ఎక్కడికో పోయింది. పుండ్లున్నవాళ్లకి టీవీ చర్చలు పెట్టేవాళ్లుండరు కదా.

క్లినిక్‌లో సామాను, మందులు ఇవ్వడం చట్టవిరుద్ధం అని ఒక డాక్టరు గారే నాతో వాదించారు. కాదండీ. డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ కె అని ఒకటుంది. రిజిస్టర్డ్ డాక్టరు తన సొంత పేషెంటుకి మందు ఇవ్వడానికి అమ్మకం లైసెన్సు అక్కర్లేదు. షాపు తెరిచి కూర్చోకూడదు, దారిన పోయేవాళ్లకి కౌంటర్లో అమ్మకూడదు. ఇంకొన్ని షరతులున్నాయి కానీ ముఖ్యమైనవి ఇవే. ఇది కరోనా కోసం ఇచ్చిన సడలింపు కాదు, ఎప్పటి నుంచో ఉన్న రూలే.

ఇప్పుడు డబ్బు దగ్గరికొద్దాం, ఎందుకంటే అసలు నొప్పి అక్కడే. 2020లో ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో రోజుకి 237 రూపాయలు. కాలికి పుండున్నవాడు ఒంటరిగా రాలేడు, తోడు కావాలి. అంటే ఒక డ్రెస్సింగ్‌కి తోడొచ్చినవాళ్ల కూలి పోయింది, ఇద్దరి బస్సు చార్జీ, బస్టాండు నుంచి ఆటో, ఏదో టిఫిను, ఆపైన మా డ్రెస్సింగ్ చార్జీ. పొట్లంలో సామాను ఖరీదు వీటిలో దేని పక్కన పెట్టినా చిన్నదే. మా డాక్టరు గారు కొన్న రేటుకే ఇచ్చేవారు, కొందరి దగ్గర అదీ తీసుకోలేదు. అందరూ అలా ఇవ్వాలని నేననను, క్లినిక్కులకీ అద్దెలు, జీతాలు ఉంటాయి. నేర్పినందుకు ఫీజు తీసుకోండి, ఫోన్లో చూసినందుకు తీసుకోండి. మనిషిని రప్పిస్తేనే డబ్బులు అనే లెక్క మాత్రం వదలండి.

ఇప్పుడు నేను పనిచేస్తున్నది పెద్ద ఆసుపత్రి. పేరు చెప్పను. ఇక్కడ గాజు ముక్క బయటికి పోవాలంటే ఫార్మసీ బిల్లు ఉండాలి, ఫార్మసీలో విడి పొట్లాలు ఉండవు. ఎందుకు ఇంటికివ్వకూడదు అంటే "ఇన్‌ఫెక్షన్ కంట్రోల్" అంటారు. అదే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కోసం కరోనా టైములో జనాన్ని ఆసుపత్రికి రావద్దన్నాం. వెయిటింగ్ హాల్లో దగ్గేవాళ్ల మధ్య షుగర్ మనిషిని మూడు గంటలు కూర్చోబెట్టడం ఇప్పుడు మాత్రం ఎలా మంచిదైంది? ఈ పోస్టు చూసి మేనేజ్‌మెంట్ పిలిస్తే పిలవనీ, ఇదే మాట అక్కడా చెప్తాను.

దీంట్లో ఇబ్బందులు లేవని కాదు. క్లినిక్‌లో సామాను అమ్ముకోవచ్చు అనగానే గీసుకుపోయిన మోచేతికి కూడా కొల్లాజెన్ షీటు లాంటి ఖరీదైన కట్టు అంటగట్టే మహానుభావులు తయారవుతారు. అందుకే బిల్లు ఇవ్వాలి, రేటు గోడ మీద రాయాలి, బయట కొనుక్కుంటామంటే మొహం మాడ్చుకోకూడదు. ఇంకో ఇబ్బంది, దీనికి మా దగ్గర సరైన జవాబు లేకపోయింది: వాడిన కట్లు. ఆసుపత్రిలో అయితే పసుపు సంచిలో వేస్తాం, దానికి లెక్క ఉంటుంది. ఊళ్లో అయితే పెంటకుప్ప మీద పడేస్తారు, కుక్కలు లాక్కుపోతాయి. కవర్లో మూటకట్టి మళ్లీ వచ్చేటప్పుడు తెమ్మని చెప్పాం. కొందరు తెచ్చారు. చాలామంది తేలేదు, బస్సులో పక్కనవాళ్లు ఏమనుకుంటారో అని సిగ్గు. ఆశా కార్యకర్తల ద్వారా ఎత్తించే ఏర్పాటు ఉంటే తప్ప ఇది తెగదు.

ఇంటికి సామాను ఇవ్వడం మన జిల్లాలకి కొత్తేమీ కాదు. బోదకాలు ఉన్నవాళ్లకి టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూత మందు పెట్టిన కిట్టు ఇచ్చి, కాలు ఎలా కడుక్కోవాలో వేళ్ల సందులు ఎలా ఆరబెట్టుకోవాలో చూపించడం ఫైలేరియా కార్యక్రమంలో భాగమే. కుష్టు వ్యాధితో పాదాలు మొద్దుబారినవాళ్లకి మెత్తటి ఎంసీఆర్ చెప్పులు, సెల్ఫ్ కేర్ కిట్లు ఇస్తారు, ఎవరి పాదం వాళ్లు చూసుకోవడం నేర్పుతారు. షుగర్‌తో మొద్దుబారిన పాదానికి కూడా కావాల్సింది అదే కదా. అక్కడ నమ్మిన రోగిని ఇక్కడ ఎందుకు నమ్మరు? పీహెచ్‌సీలో, సబ్‌సెంటర్లో ఇలాంటి పొట్లాలు పెట్టి, ఏఎన్ఎం చేత వారానికోసారి పుండు చూపించుకుంటే మనుషులు జిల్లా కేంద్రం దాకా పరుగులు పెట్టక్కర్లేదు.

అన్ని పుండ్లూ ఇంటికి పంపేవి కావు, ఈ మాట రాయకపోతే రేపు ఎవరో నా పోస్టు చూపించి ఇంట్లోనే కూర్చుంటారు. ఎముక కనిపిస్తున్నా, వేలు నల్లబడుతున్నా, వాసన మారినా, ఎరుపు పాకుతున్నా, జ్వరం చలి వచ్చినా, షుగర్ ఉన్నట్టుండి బాగా పెరిగినా పొట్లాలు పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి రావాలి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి, మర్నాటి బస్సు కోసం ఆగొద్దు. ఇంకొకటి, కట్టు ఎంత చక్కగా కట్టినా అదే కాలు నేల మీద మోపి పొలం వెళ్తే ఏ నెట్టూ, ఏ బెటాడినూ పనిచేయవు. మగవాళ్లకే ఈ మాట పదిసార్లు చెప్పాల్సి వస్తుంది, ఎందుకో మరి.

మీ ఇంట్లో డ్రెస్సింగ్ నడుస్తున్నవాళ్లుంటే ఈసారి వెళ్లినప్పుడు సిస్టర్‌ని అడగండి: "ఇది మేం ఇంట్లో కట్టుకోవచ్చా? మీ ముందు ఒకసారి కడతాను, చూడండి. వారానికి సరిపడా సామాను ఇవ్వండి, బిల్లు కూడా ఇవ్వండి." వద్దంటే ఎందుకు వద్దో అడగండి. పుండు వల్ల వద్దంటే వినాలి. రూల్ ఒప్పుకోదంటే మాత్రం షెడ్యూల్ కె సంగతి డాక్టరు గారి చెవిన వేయండి.