అండమాన్‌లో ఖర్చు లేని బతుకు ఎక్కడుంది?

‘అండమాన్ వెళ్లిపోండి. నీళ్లకు కొరత లేదు, చేపలూ కొబ్బరికాయలూ ఉచితం, స్థలం కావలసినంత, బతుకు ప్రశాంతం.’ ఈ సందేశం నాకు నాలుగుసార్లు వచ్చింది. మా పెద్దమ్మ కుటుంబం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంటుంది. ఆ ఊరి పేరు 2024లో శ్రీవిజయపురంగా మారింది. వాళ్ల కష్టం తెలిసినవాడిగా ఇది చదివి ఊరుకోలేకపోతున్నాను.

ముందు నీళ్ల సంగతి. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే మాట నిజమే. కానీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా చినుకు అరుదు. కొండవాలు నేల కావడంతో పడిన నీరు చాలావరకు సముద్రం పాలవుతుంది. ఊరికి ప్రధాన ఆధారం ధనిఖరి జలాశయం. అందులో మట్టం తగ్గితే కుళాయి వచ్చేది రెండు మూడు రోజులకొకసారే. నేను మార్చిలో వెళ్లినప్పుడు పెద్దమ్మ వరండా నిండా నీలం డ్రమ్ములే. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకు, బట్టలు జాడించిన నీళ్లు మరుగుదొడ్డికి. స్నానానికి ఒక్క బకెట్టు చూపించి, ‘ఎల్లుండి దాకా ఇంతే, చూసి వాడు నాన్నా’ అంది. ఆ మాట అనడానికి ఆమె ఎంత చిన్నబుచ్చుకుందో!

తిండి ఉచితమా? ఉల్లిపాయలు, కందిపప్పు, సిమెంటు అన్నీ సుమారు 1,200 కిలోమీటర్ల అవతల ఉన్న చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడల్లో రావాలి. ప్రయాణమే మూడు రోజులు. తుపాను పట్టి ఓడ ఆలస్యమైతే బజారులో ధరలు మండుతాయి. చేపలంటారా, వాటి కోసం చీకటితో పడవెక్కేవాళ్లలో మన ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్లిన కుటుంబాలవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల రెక్కల కష్టాన్ని ఉచితం అనడానికి నోరెలా వచ్చింది?

స్థలం సంగతి ఒక్క మాటలో: అక్కడి భూమిలో నాలుగు వంతుల్లో మూడు వంతులకు పైగా అడవే. గిరిజనుల రక్షిత ప్రాంతాల్లోకి బయటివారు అడుగుపెట్టకూడదు.

ఇంటర్నెట్ మాత్రం 2020లో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ పడ్డాక బాగా మెరుగైంది, ఒప్పుకుంటాను. ప్రశాంతత అంటారా, చిన్న దీవుల్లో ఎవరికైనా జబ్బు ముదిరితే పెద్దాసుపత్రికి సముద్రం దాటాలి. కడలి పోటెత్తిన రోజున పడవలు కదలవు. హెలికాప్టరు దొరికేదాకా ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు.

అయినా వెళ్తామంటే వెళ్లండి. ఇంటి అద్దె అడిగేముందు ఆ వీధికి కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందో, వరండాలో ఎన్ని డ్రమ్ములు పడతాయో అడగండి.