సవరణ: టోడ్‌కి చావుతో చుట్టరికం లేదు

గోదురుకప్పని ఇంగ్లిష్‌లో టోడ్ అంటారు కదా, ఆ మాట జర్మన్‌లో చావు అనే అర్థమున్న 'టోట్' నుంచి వచ్చిందని మొన్న రాశాను. అది తప్పు. రెండూ ఒకేలా వినిపించాయి, పైగా దాని కళ్ల వెనక ఉబ్బెత్తు గ్రంథుల్లోంచి పాలలాంటి విషం వస్తుంది. ఇంకేముంది, కథ అతికినట్టు సరిపోయిందనుకున్నాను. ఆ జర్మన్ మాటకి ఇంగ్లిష్‌లో అసలు చుట్టం 'డెత్'. జర్మన్లు ఈ కప్పని పిలిచేది 'క్రోటె' అని.

పాత ఇంగ్లిష్‌లో దీని పేరు 'టాడియె'. అంతకుముందు అది ఎక్కడినుంచి వచ్చిందో పండితులు కూడా తేల్చలేదు. తోకకప్పని టాడ్‌పోల్ అంటారే, అందులో ముందు ముక్క ఇదే. రెండోది 'పోల్', అంటే తల. చూడండి, తోకకప్ప మొదట్లో మొత్తం తలకాయే, వెనక ఓ తోక, అంతే! ఎన్నికల పోలింగ్‌లో ఉన్నదీ ఈ తలే. తలలు లెక్కపెట్టడం కదా.

కాకారాయుళ్లని 'టోడీ' అంటారని రాసింది మాత్రం సరైనదే, కారణం రాయలేదు. సంతల్లో దొంగవైద్యుడి శిష్యుడు జనం ముందు ఈ కప్పని తినేవాడు, లేదా తిన్నట్టు నటించేవాడు. విషమెక్కి పడిపోయినవాణ్ణి గురువు తన మందుతో లేపేవాడు. యజమాని కోసం కప్పని కూడా మింగేవాడని ఆ పేరు.