మెక్సికో మీద మాకు భారం కలిగిన విధంబెట్టిదనిన

ఈ మధ్య మిషన్ ట్రిప్పుల మీద, అంటే చర్చి తరఫున వేరే చోటికి వెళ్ళి సేవ చేసి రావడం మీద, జోకులు వెయ్యడం ఫ్యాషనైపోయింది. వారం రోజులు వెళ్ళి ఫోటోలు దిగి వస్తారనీ, ఆ డబ్బేదో అక్కడికే పంపిస్తే పోయేది కదా అనీ, ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు సోఫాలో కూర్చుని అంటుంటారు. నేను వెళ్ళొచ్చినవాణ్ణి. వెనకాల మత్తయి 28:19 (మీరు వెళ్ళి సమస్త జనులను శిష్యులనుగా చేయుడి అన్న బైబిలు వచనం) అచ్చేసిన నీలం టీషర్టు కూడా ఉంది, రెండు ఉతుకులకి అంకె పోయి ఇప్పుడు ఉత్త మత్తయి మిగిలాడు, అది వేరే సంగతి. కాబట్టి ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకుంది.

మాది డాలస్ దగ్గర ఒక తెలుగు క్రైస్తవ సంఘం. ఆదివారం పొద్దున తెల్లవాళ్ళు ఆరాధన చేసుకుని వెళ్ళాక మధ్యాహ్నం మూడింటికి అదే హాల్లో మేము చేసుకుంటాం. పోయిన ఏడాది ఉపవాస ప్రార్థనలో ఒక అన్న లేచి "నాకు ఆఫ్రికా మీద భారం కలిగింది" అన్నాడు, అంటే అక్కడ సేవ చెయ్యాలని దేవుడు మనసులో పెట్టాడని. అందరం ఆమెన్ అన్నాం. ఆ రాత్రే వాట్సాప్‌లో తేలిందేంటంటే మాలో సగం మందికి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయింది, ఆఫ్రికా వెళ్తే హైదరాబాద్ పోయి స్టాంపింగ్ చేయించుకుంటేగానీ మళ్ళీ అమెరికాలోకి అడుగు పెట్టలేరు. అదే మెక్సికోకో కెనడాకో అయితే, స్టాంపు గడువు తీరినా సరే, ఐ-94 (అమెరికాలో ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే కాయితం) బతికుంటే చాలు, 30 రోజుల లోపల తిరిగి రానిస్తారు. మెక్సికో వాళ్ళ వీసా మాత్రం తీసుకోవాలి, వాళ్ళ కాన్సులేటు డాలస్‌లోనే ఉంది. తర్వాత ఆదివారానికల్లా అన్నకి మెక్సికో మీద భారం కలిగింది. కెనడా మీద ఎవరికీ కలగలేదు, మార్చి నెల కదా, చలి.

ఊరు సియుదాద్ హువారెస్. టెక్సాస్‌లోని ఎల్ పాసోకి ఎదురుగా, మధ్యలో రియో గ్రాండే నది, నది అంటే నది అని కాదు, మన ఎండాకాలం వాగులా ఉంటుంది చాలా చోట్ల. అక్కడ "మాకిలాలు" అని ఉంటాయి, అంటే బోర్డర్ పక్కన ఎగుమతి ఫ్యాక్టరీలు, వాటిల్లో పని కోసం దేశం దక్షిణాది నుంచి వచ్చినవాళ్ళు ఊరి చివర కొండ కింద ఇసకలో చెక్కలూ అట్టలూ పెట్టుకుని ఉంటారు. అలాంటి ఒక కుటుంబానికి 11 అడుగులకి 22 అడుగుల ఇల్లు కట్టివ్వడం మా పరిచర్య. నాలుగు రోజుల్లో.

టీమ్ 16 మంది. పెద్దలు తొమ్మిది, పిల్లలు ఏడుగురు. పెద్దల్లో ఎనిమిదిమంది సాఫ్ట్‌వేరు, మిగిలిన ఒక్కాయనే మా ధైర్యం, ఆయన బీటెక్ సివిల్. సివిల్ చదివి ఇరవై ఏళ్ళ నుంచి జావా రాస్తున్నాడు, కానీ సర్టిఫికెట్ సివిలే కదా. మనిషికి ఖర్చు 850 డాలర్లు తేలింది, అందులో కొంత దమ్ బిర్యానీ బాక్సులు అమ్మి తెచ్చాం, బాక్సు 12 డాలర్లు, కొన్నవాళ్ళందరూ మళ్ళీ మా సంఘం వాళ్ళే, అంటే మా జేబులోది తీసి మా జేబులోనే వేసుకున్నాం, మధ్యలో తిన్న బిర్యానీ ఒక్కటే నికరం. "మీరు కూడా రండి బ్రదర్" అని పిలిచిన ప్రతివాడూ "ప్రార్థన చేసుకుని చెప్తాను" అన్నాడు. మన సంఘాల్లో ఆ మాటకి అర్థం తెలియనివాడు ఎవడూ లేడు.

పొద్దున ఐదింటికి బయల్దేరాలి అనుకుని ఎనిమిదింటికి బయల్దేరాం. దాదాపు 630 మైళ్ళు, పదిగంటల దారి, కిటికీలోంచి చూస్తే మిడ్‌లాండ్ దాటాక చమురు పంపులు తప్ప ఏమీ ఉండదు. ఎల్ పాసో చేరేసరికి అక్కడి గడియారం డాలస్ కన్నా గంట వెనకుంటుంది, ఆ గంట పుణ్యాన ఒక తెలుగు సంఘం చరిత్రలో మొదటిసారి అనుకున్నదానికన్నా రెండే గంటలు ఆలస్యంగా చేరింది. కొందరు దీన్ని అద్భుతం కింద సాక్ష్యంలో చెప్పారు.

మర్నాడు పొద్దున బ్రిడ్జి దాటగానే వ్యాను మొత్తం సైలెంటైపోయింది. ఎదురుగా ఊరి మీద కొండ, కొండ మీద సున్నంతో ఇంతింత పెద్ద తెల్లటి అక్షరాలు, ఎల్ పాసోలోంచి కూడా కనపడేంతవి. స్కూల్లో స్పానిష్-2 చదువుతున్న మా అమ్మాయి ఒకతి చదివి చెప్పింది. "బైబిలే సత్యం. చదువు" అని ఉంది.

ఒక నిమిషం ఎవరూ ఏమీ మాట్లాడలేదు. సువార్త చేరనివాళ్ళకి చేరవెయ్యాలని 630 మైళ్ళు వచ్చాం, వాళ్ళేమో కొండకే రాసి పెట్టుకున్నారు. వెనక సీట్లోంచి ఒక అంకుల్ "మనకంటే ముందు వేరే టీమ్ వచ్చినట్టుంది" అన్నాడు. పాస్టర్ గారు గొంతు సవరించుకుని "మనం బలపరచడానికి వచ్చాం" అన్నారు. అప్పట్నుంచి ట్రిప్పు ఉద్దేశం బలపరచడమైంది. పాత ఉద్దేశం రాసి వ్యాను అద్దం మీద అంటించిన కాయితం మాత్రం మార్చలేదు.

ఇక పని. అక్కడ మాకిచ్చిన స్థానిక మేస్త్రి ఒకాయన, అరవై ఏళ్ళుంటాయి, తలకి తువ్వాలు. ఆయన్ని అందరూ "మాయెస్త్రో" అని పిలుస్తున్నారు. ఇదేదో సంగీతం మాస్టారి పేరనుకున్నాం, కాదు, మేస్త్రి. మన మేస్త్రి కూడా పోర్చుగీసు వాళ్ళ మెస్త్రె నుంచి వచ్చిందేనట, రెండూ దాయాదులు. ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. మేజాకి వాళ్ళు మేసా అంటారు, అల్మారాకి అర్మారియో, తువ్వాలుకి తొవాయా. మూడు నెలలు యాప్‌లో స్పానిష్ నేర్చుకున్న అన్నకి "ఆపిల్ తింటున్న అబ్బాయి" ఒక్కటే వచ్చింది, ఏమీ నేర్చుకోని పాలకొల్లు ఆంటీ మాత్రం మేస్త్రీ, మేజా, తువ్వాలు అని అరిస్తే పని జరిగిపోయింది.

పని జరిగిపోయింది అంటే ఆయన చేశాడని. మేము వరసగా మేకులు కొట్టుకుంటూ వెళ్తుంటే ఆయన వెనకాలే నవ్వుకుంటూ పీక్కుంటూ వచ్చేవాడు. సిమెంటు మాలు కలపడానికి నలుగురు ఐటీ మేనేజర్లు గుండ్రంగా నిలబడి నీళ్ళు ఎన్ని పొయ్యాలో పావుగంట చర్చించి, పొద్దున స్టాండప్ మీటింగ్ పెడితే బావుంటుంది అని తీర్మానించి, ఒకాయన ఎక్సెల్ షీటు తెరిచి ఎవరి పేరుకెదురు ఏ పనో రాశాడు, షీటు మొత్తంలో "డన్" అని ఉన్నవన్నీ మాయెస్త్రో పేరు మీదే. సివిల్ అన్న లెవెల్ పట్టుకుని గోడ పక్కన రెండు రోజులు నిలబడ్డాడు, బుడగ మధ్యలోకి రాలేదు, లెవెలే పాడైందన్నాడు.

రెండో రోజు భోజనాలప్పుడు పిల్లలు ఏడుగురూ ఏడు కాయితాలు పట్టుకొచ్చి మాయెస్త్రో ముందు పెట్టారు. సర్వీస్ అవర్స్ ఫారాలు, కాలేజీ అప్లికేషన్లకి కావాలి, ఒక్కోదాంట్లో 40 గంటలని ముందే టైపు చేసుంది. ఆయన చెవి మీది వడ్రంగి పెన్సిలు తీసి, చేతికున్న సిమెంటు ప్యాంటుకి తుడుచుకుని, ఒక్కోటీ జాగ్రత్తగా సంతకం పెట్టి, చివరికి అడిగాడు: ఇది వీళ్ళ కూలి లెక్కా? కాదండి, వీళ్ళే డబ్బు కట్టి పని చెయ్యడానికి వచ్చారు అని మా అమ్మాయి చెప్పింది. ఆయన చాలాసేపు దాన్ని అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాడు పాపం.

కూలి అంటే గుర్తొచ్చింది. 2025లో బోర్డర్ జోన్‌లో కనీస కూలి రోజుకి 419.88 పెసోలు, ఇరవై డాలర్ల పైచిలుకు. 16 మందికి 850 చొప్పున 13,600 డాలర్లు, అంటే ఒక మనిషికి ఏడాదిన్నర పైన కూలి. ఈ లెక్క నేను వెయ్యలేదు, మా టీమ్‌లో ఒక కుర్రాడు రాత్రి పడుకునేముందు వేసి అందరి నిద్రా చెడగొట్టాడు. ఆ డబ్బుతో ఇక్కడివాళ్ళకే పనిస్తే ఎన్ని ఇళ్ళు లేచేవి అంటాడు. ఇలాంటి ఆలోచన మన దగ్గర పూర్వం ఒకాయనకి వచ్చింది. ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకం కొంత మేర కాంట్రాక్టు పట్టి, ఆకలితో ఉన్న అక్కడి జనానికే కూలి ఇచ్చి తవ్వించాడు. బోస్టన్ నుంచి కుర్రాళ్ళని రప్పించి పలుగులిచ్చి తవ్వించి ఉంటే ఎంత ఫెలోషిప్ ఉండేది! ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది నిజమే, కానీ టీమ్ బాండింగ్ జరిగిందా? ఎక్కడా రాసిలేదు.

ఇంకో మిషనరీ మన తెలుగాయనే, జాన్ రంగయ్య గారు. నెల్లూరు నుంచి 1903లో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళాడు, చెరుకు తోటల్లో, టీ తోటల్లో పనికెళ్ళిన మన తెలుగు కూలీల దగ్గరికి. వెళ్ళినవాడు 1915లో చనిపోయేవరకూ అక్కడే. పన్నెండేళ్ళు! మేము నాలుగు రోజుల్లో ముగించాం, దాంట్లో ఒక పూట షాపింగ్ కూడా ఉంది. ఎఫిషియెన్సీ అంటే ఏంటో ఆ కాలం వాళ్ళకి తెలీదు.

తిండి దగ్గర మాత్రం మేము తగ్గలేదు. ఆరు సీసాల ఆవకాయ, రెండు గోంగూర, కారప్పొడి విడిగా. పాపం వాళ్ళకి కారం రుచి చూపిద్దాం అని మా ఆంటీలు ముచ్చటపడ్డారు. స్థానిక సంఘం అక్కలు రోజూ మా 16 మందికీ వండేవాళ్ళు, ముగ్గురు, పొద్దున నాలుగింటికి లేచి. ఒకావిడ నల్లరాతి రోట్లో కాల్చిన మిరపకాయలూ టమాటాలూ వేసి నూరుతుంటే పాలకొల్లు ఆంటీ పక్కన నిలబడిపోయింది. అదే రోలు, అదే చప్పుడు, అదే రోటి పచ్చడి, తాలింపొక్కటే లేదు. మిరపకాయా టమాటా అసలు పుట్టిందే ఆ వైపునని, ఓడల్లో పోర్చుగీసు వాళ్ళు మోసుకొస్తే గుంటూరు దాకా వచ్చిందని కూలి లెక్కేసిన కుర్రాడే చెప్పాడు (వాణ్ణి వచ్చే ఏడాది తీసుకెళ్ళడం లేదు). ఆవకాయ రుచి చూసిన ఆ అక్క బావుందంది. ఇంకొంచెం కారం ఉండాల్సింది అని కూడా అంది.

బాండింగ్ సంగతికొస్తే, అది అనుకున్నదానికన్నా ఎక్కువైంది. క్రిస్మస్ ప్రోగ్రాంలో కీబోర్డు ఎవరి అబ్బాయి వాయించాలన్న దాని మీద రెండేళ్ళుగా మాటల్లేని రెండు కుటుంబాలు ఒకే బకెట్టు మోస్తూ ఏడ్చి కౌగలించుకున్నాయి, అందరం చప్పట్లు కొట్టాం, వీడియో ఉంది. తిరుగు ప్రయాణంలో ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో వాటర్ బాటిళ్ళ బిల్లు దగ్గర మళ్ళీ మాటలు మానేశారు. ఈసారి కారణం స్పష్టంగా ఉంది కాబట్టి ప్రార్థించడానికి తేలిక.

ఆఖరి రోజు తాళాలిచ్చే కార్యక్రమం. ఇంటావిడ మాకిలాలో రాత్రి షిఫ్టు చేసి సరాసరి వచ్చింది, మెడలో ఇంకా ఫ్యాక్టరీ బ్యాడ్జి వేలాడుతోంది. పాస్టర్ గారు ఆవిడ కోసం ప్రార్థన మొదలుపెట్టబోతుంటే ఆవిడే ఆగమని చెయ్యి చూపించి, నేను మీకు చేస్తాను అంది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది, పది నిమిషాలైనా ఆపలేదు, మధ్యలో కన్నీళ్ళు. మాటిమాటికీ "పపేలెస్, పపేలెస్" అంటోంది. ఏమంటోందని మా అమ్మాయిని గిల్లి అడిగాం. కాయితాలు అంటోంది అంకుల్, మన కాయితాల కోసం ప్రార్థిస్తోంది అంది. మాలు కలిపేటప్పుడు ఎవరో నోరు జారి 2014 నాటి ప్రయారిటీ డేటు (గ్రీన్ కార్డు క్యూలో చేరిన తేదీ), ఇంకా గ్రీన్ కార్డు రాలేదు, రేపు ఉద్యోగం పోతే అరవై రోజుల్లో సర్దుకోవాలి అని గోడు వెళ్ళబోసుకున్నాడట. రాత్రంతా మిషను ముందు నిలబడి ఆవిడ దాని గురించే ఆలోచించిందట, ఇంతమంది కాయితాల్లేకుండా అంత దూరంలో ఎలా ఉంటున్నారో అని.

తిరిగొచ్చేటప్పుడు బ్రిడ్జి మీద మూడు గంటల లైను. ఎవరి ఐ-94 వాళ్ళు గుండెకి పెట్టుకుని కూర్చున్నాం.

తర్వాత వచ్చిన వీసా బులెటిన్‌లో, అంటే గ్రీన్ కార్డు క్యూ ఎంత కదిలిందో అమెరికా ప్రభుత్వం చెప్పే ప్రకటనలో, మా కేటగిరీ రెండు వారాలు ముందుకి జరిగింది. వచ్చే ఏడాది హువారెస్‌కి ఇప్పటికే నలభై మంది పేర్లిచ్చారు. ఒక్కడు కూడా ప్రార్థన చేసుకుని చెప్తాననలేదు.