డొక్కకు ధర ఉంటేనే

వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేశాక గోదావరి డెల్టాలో ఏ లాకుల దగ్గర నిలబడినా ఒకటే దృశ్యం. నీళ్లున్నన్నాళ్లూ దాగినదంతా బయటపడుతుంది. పాలిథిన్ సంచులు, థర్మాకోల్ ముక్కలు, చిరిగిన పరుపులు, వాటి మధ్య నీళ్లు తాగి పారేసిన కొబ్బరి బొండాం డొక్కలు బోలెడన్ని. పూడిక తీసి గట్టు మీద పోస్తారు. వానలు పడగానే అందులో కొంత మళ్లీ కాలువలోకే జారుతుంది.

ఇలాంటప్పుడు పాత రోజులు తలచుకోవడం మనకు అలవాటు. కొబ్బరి చెట్టులో పారేసేదే ఉండేది కాదంటాం. కమ్మతో దడి, ఈనెలతో చీపురు, చిప్పతో గరిటె, పీచుతో తాడు, మిగిలిన మట్ట పొయ్యిలోకి. పాత చీరలు బొంతలయ్యేవి. నిజమే. కానీ ఆ బొంతలు కుట్టిన మధ్యాహ్నాలకు, ఆ ఈనెలు తీసిన చేతులకు కూలి లెక్క కట్టిందెవరు? ఇంటి ఆడవాళ్లు ఊరికే చేసిన పని అది. ఈ తరం పొదుపు మరిచిందని తిట్టేముందు ఆ బాకీ కూడా గుర్తుకు రావాలి.

తొలి పంట సార్వా కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రైతునూ అలాగే తిడుతున్నాం. మిషన్ కోసిన గడ్డి చేనంతా చెల్లాచెదురుగా పడుతుంది. కొట్టంలో పశువు లేదు. అవతల రెండో పంట దాళ్వాకు వేళ మించిపోతోంది. కట్టలు కట్టే బేలరు సమయానికి దొరికి, ఆ కట్టలు కొనే పాడి రైతు ఉంటే అగ్గిపుల్ల ఎందుకు గీస్తాడు? (భోగి మంటలో టైర్లు వేసేవాళ్లను మాత్రం ఏ లెక్క చెప్పీ వెనకేసుకు రాలేం.)

కొబ్బరి పొట్టు సంగతి చూడండి. డొక్క నుంచి పీచు తీశాక మిగిలే ఈ పొట్టు ఒకప్పుడు మిల్లులకు పెద్ద తలనొప్పి. చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ కావడంతో త్వరగా కుళ్లదు. గుట్టలుగా పోస్తే వానకు ఎర్రటి నీరు దిగి పక్క చేలో పారేది. ఇప్పుడు దాన్నే కడిగి, ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి, ఇటుకల్లా అచ్చుపోసి కోకోపీట్ పేరుతో అమ్ముతున్నారు. తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టి ఉంచుతుంది కాబట్టి కుండీ మొక్కలకు బాగా పనికొస్తుంది. కోనసీమలో పీచు మిల్లులు, గోదావరి పాయ గౌతమి దాటితే కడియం నర్సరీలు. పొట్టు విలువ గురించి ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వక్కర్లేకపోయింది. కొనేవాడు పక్కనే ఉన్నాడు.

బొండాం డొక్కకు ఆ అదృష్టం లేదు. పచ్చిది, నీటి బరువు. మిల్లుకు తోలితే ఆటో కిరాయి కూడా గిట్టదు. అందుకే చీకటి పడ్డాక కాలువలోకి చేరుతుంది. తప్పే. కానీ జరిమానా వేస్తే బొండాలు అమ్మే బండి మరో వంతెన వెతుక్కుంటుంది. ఎక్కడో చోట పడేసినా చిప్పలో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి. పంచాయతీ ట్రాక్టరు రోజూ సాయంత్రం బండ్ల దగ్గరికే వచ్చి డొక్కలు ఎత్తుకెళ్లాలి. ముక్కలు చేసే మిషన్ పెట్టి, ఆ పని చేసే మహిళలకు కిలోల లెక్కన డబ్బు కట్టాలి. ఇందుకోసమేగా ఊరి చెత్తను ఎరువుగా మార్చే సంపద తయారీ కేంద్రాలు కట్టింది! తాళం వేసిన షెడ్డులో సంపద ఎలా తయారవుతుందో మాకైతే అర్థం కావడం లేదు.

పీచుకు ప్రభుత్వమే పెద్ద గిరాకీ కావచ్చు. గ్రామీణ రోడ్ల నిర్మాణంలో కొబ్బరి పీచు జియో టెక్స్‌టైల్స్ (మట్టిని పట్టి ఉంచేందుకు పరిచే అల్లికలు) వాడకానికి కేంద్రం 2020లోనే అనుమతి ఇచ్చింది. ఏటా జారిపోయే మన కాలువ గట్ల మీద అదే అల్లిక పరిచి గడ్డి నాటితే, వేళ్లు పట్టేదాకా మట్టిని ఆపుతుంది. తర్వాత తనే నేలలో కలిసిపోతుంది. వచ్చే కట్టివేత పనుల టెండర్లలో జలవనరుల శాఖ దీన్ని కనీసం కొన్ని కిలోమీటర్లకైనా చేర్చాలి. అంచనాలు ఇప్పుడే వేయాలి. మేలో ఫైలు కదిపితే జూన్‌లో నీళ్లొచ్చేస్తాయి.