మహారాజశ్రీ సిమెంటు బస్తా గారి సముఖానికి

యాభై కిలోల నిండు విగ్రహం తమరికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని రాద్దామంటే ఇటువైపు గోడల కుశలం బాగోలేదు. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల పాత పెంకుటిల్లు బాగుచేయించడమంటే తమరిని పిలిపించడమే అయిపోయింది. 1936లో మద్రాసు నుంచి ఒడిశాకి రాష్ట్రం మారినా చెక్కుచెదరని గోడలు, తమరు అడుగుపెట్టిన నాలుగు వానలకే పొట్టలు పొంగుతున్నాయి.

అడుగున్నర మట్టిగోడ నేలలోంచి చెమ్మ లాగుతుంది, గాలి తగలగానే వదిలేస్తుంది. దానిమీద తమరి పూత వేయడం జ్వరమొచ్చినవాడికి రెయిన్‌కోటు తొడగడమే. లోపల మట్టి నాని మెత్తబడుతుంది. మట్టి తడికి ఉబ్బి ఎండకి ముడుచుకుంటుంటే తమరు బిర్రబిగుసుకుని ఉంటారు. ఆఖరికి పలకలు పలకలుగా ఊడుతూ గోడ పైపొరని కూడా పట్టుకుపోతారు. మేస్త్రి మాత్రం 'పూత పలచనయిందండీ, ఇంకో రెండు బస్తాలు చెప్పండి' అంటాడు. లోపల గచ్చు, బయట చుట్టూ చప్టా కూడా తమరే అయితే నేలచెమ్మకి మిగిలే దారి గోడ ఒక్కటే.

తమరిని సాగనంపే పద్ధతి మనవి చేస్తాం. పూత చెక్కించి, గోడని ఒక వేసవి ఆరనివ్వాలి. తర్వాత బంకమట్టి ఒక పాలు, వంశధార ఇసుక రెండు మూడు పాళ్ళు, తరిగిన గడ్డి కలిపి, కొన్నాళ్ళు నానబెట్టి మెత్తాలి. వానజల్లు కొట్టే కింది భాగంలో గోడకి గాట్లు పెట్టి, సున్నం ఒక పాలుకి ఇసుక మూడు పాళ్ళు కలిపిన గార, సెంటీమీటరు మందం చొప్పున రెండు పూతలు. కాల్చిన సున్నపురాళ్ళని నీళ్ళలో వేయాలి. రాళ్ళమీద నీళ్ళు పోస్తే కుతకుతలాడి కళ్ళలోకి చిమ్ముతుంది. ఆ ముద్దని నీటి అడుగున మూడు వారాలు ఉంచాలి, పూశాక వారం తడిగోనెలు కప్పాలి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చి గట్టిపడే సరుకది, తమరిలా పది గంటల్లో బిగిసేది కాదు. చప్టా తీసేసి కంకర కాలవ వేయాలి, పునాది మట్టం కంటే కిందికి మాత్రం తవ్వకూడదు.

తమరి తమ్ముడు సిమెంటు రేకు గారి సంగతి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను పేరు చెప్పి ఆయన గూనపెంకుల్ని దింపించి ఎక్కుతున్నారు. పెంకుల సందుల్లోంచి వేడిగాలి బయటికి పోతుంది. ఈయన మే నెల ఎండని నేరుగా మంచంమీదికి దించుతారు, ఆ వెనకే ఏసీ, దాని కరెంటు బిల్లు. గాలి పెంకుల్ని లేపేది చూరు కిందనుంచి దూరి. చూరు వరస, కొప్పు వరస సున్నంగారతో బిగించి, వాసాల్ని గోడమీది దూలానికి జీఐ తీగతో కట్టేస్తే చాలామట్టుకు ఆగుతుంది.

ఇంటికప్పు మీద సోలారు పలకలు పెట్టుకునే కేంద్ర పథకం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది కదా అని పెంకు పీకి స్లాబు పోసే మహానుభావులూ ఉన్నారు. నాలుగంగుళాల స్లాబు చదరపు మీటరుకి 250 కిలోలు. మట్టిగోడ ఏం మొయ్యగలదు? ముందు 75 వాట్ల పంకాల చోట కరెంటు తక్కువ తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ పంకాలు పెట్టి, ఆపైన ఎన్ని కిలోవాట్లు కావాలో లెక్క చూసుకోవచ్చు.

తమరికి పనిలేకుండా చేస్తామని కాదు. సెప్టిక్ ట్యాంకు, నూతి గట్టు, స్నానాల గది తమరివే.

ఇట్లు,
గూనపెంకుల ఇళ్ళవాళ్ళం

తా.క.: మూడు నెలలు నిలవుంటే తమరి సత్తువ తగ్గుతుందట. వసారాలో గడ్డకట్టిన మూడు బస్తాలని అరుగుకి మెట్లుగా వేశాం. అక్కడ బాగా పనిచేస్తున్నారు.