‘అదంతా డ్రామా, పట్టించుకోకండి’ అనే మెసేజ్‌కు ఒక లెక్కల టీచర్ జవాబు

పేరెంట్స్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: “టీనేజ్ పిల్లలు ఒంటి మీద గాయాలు చేసుకోవడం ఉత్త డ్రామా. అందరూ తమనే చూడాలని చేస్తారు. పట్టించుకోకపోతే అదే పోతుంది. దాని గురించి అడిగితే లేని ఆలోచన మీరే ఎక్కించినట్టు. చావాలనుకునేవాళ్ళు చెప్పరు, చెప్పేవాళ్ళు చావరు. ఫోన్ లాక్కోండి, ఇంకెప్పుడూ చెయ్యనని ఒట్టు వేయించుకోండి, చాలు.” చివర్లో, పదిమందికి పంపమని.

పంపేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. భయంతో ఉన్న తల్లికి ‘ఏం లేదులే’ అనే మాట ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఈ మెసేజ్ నమ్మితే పెద్దవాళ్ళు చెయ్యాల్సిన ఒక్క పనీ, అంటే అడగడం, మానేస్తారు. అందుకే ఇంత రాస్తున్నాను.

డ్రామా సంగతి ముందు చూద్దాం. డ్రామాకి చూసేవాళ్ళు కావాలి. ఈ పిల్లల్లో ఎక్కువమంది పడే పాట్లన్నీ ఎవరూ చూడకుండా ఉండటానికే. నా క్లాసులో ఒక 14 ఏళ్ళ అమ్మాయి ఉండేది. ఎంత ఉక్కపోతగా ఉన్నా పొడుగు చేతుల చొక్కానే. బోర్డు దగ్గరికి పిలిస్తే లేచి నిలబడి, “రాదు టీచర్” అనేది. అదే లెక్క ఆమె నోట్సులో తప్పు లేకుండా ఉండేది. నాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది: బోర్డు మీద రాయాలంటే చెయ్యి పైకెత్తాలి, ఎత్తితే చొక్కా చెయ్యి కిందికి జారుతుంది. అది జారకుండా ఉండటానికి, వచ్చిన లెక్కని రాదని చెప్పి క్లాసు ముందు మొద్దు అనిపించుకుంది. ఇది అందరూ చూడాలని చేసే పనా?

ఎందుకు చేస్తారని పిల్లల్నే అడిగిన అధ్యయనాల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే జవాబు, లోపలి బాధ భరించలేకపోవడం. ఆ తర్వాత, తమ మీద తమకే కోపం. కొందరికి మనసంతా మొద్దుబారి, ఏమీ అనిపించని స్థితి. ఆ పనితో దొరికే ఊరట కాసేపే, వెనకాలే సిగ్గు, అపరాధభావం వస్తాయి. అవి మళ్ళీ బాధని పెంచుతాయి. ఎదుటివాళ్ళకి తెలియాలని చేశామనేవాళ్ళూ ఉన్నారు, కాకపోతే తక్కువ. సరే, ఒకరు అందుకోసమే చేశారనుకుందాం. నోరు తెరిచి చెప్పుకునే చోటు ఉంటే గాయం దాకా ఎందుకు వెళ్తారు?

2014లో, ఎన్నో దేశాల సర్వేలను కలిపి చూసిన ఒక సమీక్షలో, కౌమారంలో ఉన్నవాళ్ళలో దాదాపు 17 శాతం మంది చనిపోవాలన్న ఉద్దేశం లేకుండా ఒక్కసారైనా తమని తాము గాయపరుచుకున్నట్టు తేలింది. 40 మంది క్లాసులో ఆరేడుగురు. అంతమంది నటులు నా ఎదురుగా ఉంటే నాకు ఒక్కరే కనిపించారు, అదీ రెండు నెలలకి.

‘పట్టించుకోకపోతే పోతుంది’ అనే మాటలో సగం నిజం ఉంది, అదే దాని ప్రమాదం. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1992 నుంచి 2008 దాకా సుమారు 1,800 మందిని గమనిస్తూ వచ్చారు. కౌమారంలో ఈ అలవాటు ఉన్నవాళ్ళలో పదికి తొమ్మిదిమంది పెద్దయ్యాక మానేశారు. మంచి కబురే. కానీ ఆ వయసులో డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్ళు పెద్దయ్యాక గాయపరుచుకునే అవకాశం ఎక్కువని కూడా అదే అధ్యయనం చెప్పింది. పైగా గతంలో గాయపరుచుకుని ఉండటం, ముందుముందు ఆత్మహత్య ముప్పుని సూచించే బలమైన గుర్తుల్లో ఒకటి. మన పిల్ల ఆ తొమ్మిదిమందిలో ఉందో, పదో మనిషో ముందే చెప్పే కొలబద్ద లేదు. ముప్పుని అంచనా వేసే స్కోరు షీట్ల మీద ఆధారపడొద్దని ఇంగ్లండ్‌లో నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో డాక్టర్లకే చెప్పింది. మరి వాట్సాప్‌లో చూసి మనం ఎలా తేల్చేస్తాం?

‘అడిగితే ఆలోచన ఎక్కించినట్టు’. నిజం చెప్పాలంటే నేనూ ఇదే నమ్మి ఆ రెండు నెలల్లో కొంత పోగొట్టుకున్నాను. న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూళ్ళలో 2,300 మందికి పైగా విద్యార్థులతో దీన్ని పరీక్షించారు. సగంమందిని ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, మిగతా సగాన్ని అడగలేదు. ఫలితాలు 2005లో వచ్చాయి. అడిగినవాళ్ళలో టెన్షన్ గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళకైతే కాస్త తేలికపడినట్టు కూడా కనిపించింది.

‘చెప్పేవాళ్ళు చావరు’ మీద ఎక్కువ రాయను. తప్పు. చనిపోయినవాళ్ళలో చాలామంది అంతకుముందు ఎవరితోనో ఏదో ఒకటి అన్నవాళ్ళే. పిల్లలు చావు మాటెత్తితే ఒంటరిగా వదలకండి. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇక ఒట్టు. ఒట్టు వేయించుకుంటే పిల్లలు మానేస్తారనడానికి ఆధారం లేదు. ఒట్టు తప్పిన రోజున దాచాల్సినవి రెండవుతాయి, అంతే తేడా. నెట్‌లో చెడు లేదని నేననను గానీ, ఆ పిల్ల మనసు విప్పే ఒకే ఒక్క స్నేహితురాలు ఆ ఫోన్‌లోనే ఉండొచ్చు. ఒట్టుకు బదులు ఒక కాగితం రాసుకోవచ్చు: బాధ పెరుగుతున్నట్టు నాకు ఎలా తెలుస్తుంది, అప్పుడు ఏం చేస్తే కాస్త దిగుతుంది, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇంట్లో ఏ వస్తువులు అందకుండా పెట్టాలి. కౌన్సెలర్లు దీన్ని సేఫ్టీ ప్లాన్ అంటారు. ఇది కాక, అమెరికా సైకాలజిస్ట్ మార్షా లైన్‌హాన్ రూపొందించిన డీబీటీ అనే, తీవ్రమైన ఉద్వేగాల్ని తట్టుకోవడం నేర్పే మాటల చికిత్సని టీనేజర్లకి అనువుగా మార్చి, ఇంట్లోవాళ్ళని కూడా కలుపుకుని చేస్తున్నారు. నార్వేలోనూ అమెరికాలోనూ జరిగిన ట్రయల్స్‌లో అది గాయపరుచుకోవడాన్ని తగ్గించింది.

స్కూళ్ళు ఏం చెయ్యలేవనుకోవద్దు. పది యూరప్ దేశాల్లో 168 స్కూళ్ళు, 11,000 మందికి పైగా విద్యార్థులతో చేసిన ప్రయత్నం ఫలితాలు 2015లో వచ్చాయి. పిల్లలే పాత్రలు వేసుకుని, మనసు గురించి మాట్లాడుకునే పద్ధతి ఒకటి అందులో ఉంది. ఆ పద్ధతి పెట్టిన చోట ఏడాది తర్వాత ఆత్మహత్యాయత్నాలు పోలిక కోసం ఉంచిన స్కూళ్ళతో పోలిస్తే సగానికి సగం తగ్గాయి. మా టీచర్లకి చిన్న చురక ఏంటంటే, అక్కడ ఉపన్యాసాలు రెండే, అవీ పిల్లలతో మాట్లాడిస్తూ సాగేవి.

ఇంట్లో తెలిసిన రోజు నోట్లోంచి వచ్చే మొదటి మాట సాధారణంగా “నీకేం తక్కువ చేశాం?” అని. అది ఆపుకోగలిగితే చాలా వరకు నెగ్గినట్టే. చెయ్యి చూపించమని లాగకండి. గాయానికి చికిత్స కావాలంటే ముందు అది చూడండి, మాటలు తర్వాత.

ఆ అమ్మాయిని నేను చివరికి బోర్డు తుడుస్తూ అడిగాను, మొహం చూడకుండా. “చెయ్యెత్తాల్సి వస్తుందనే లెక్క రాదంటున్నావా?” జవాబు లేదు. మూడో రోజు స్టాఫ్‌రూమ్ బయట నిలబడి, “ఇంట్లో చెప్పేస్తారా టీచర్?” అంది. చెప్పనని మాటివ్వలేదు. “చెప్పాలి. కానీ నీకు తెలియకుండా చెప్పను. ముందు ఎవరికి చెబుదాం, నువ్వే చెప్పు” అన్నాను. చాలాసేపు ఆలోచించి, “అమ్మకి కాదు, అమ్మమ్మకి” అంది.