ఆ ఏడు రోజుల క్యాంపు

"క్లబ్బులు, క్యాంపులు అంటూ తిరిగితే చదువు అటకెక్కుతుంది" అని కాలేజీ పిల్లల గురించిన ఒక వ్యాసంలో ఒక తండ్రి అన్న మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఫీజు కట్టేవాళ్లకే తెలుస్తుంది ఆ టెన్షన్. కానీ మా అమ్మాయి సంగతి చెప్పాలి.

ఇంటర్ రెండేళ్లూ తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి దాకా పుస్తకమే. ఆ కాలేజీకి గ్రౌండే లేదు. డిగ్రీలో చేరాక, విద్యార్థులతో సమాజ సేవ చేయించే జాతీయ సేవా పథకం, ఎన్ఎస్ఎస్‌లో పేరిచ్చింది. 1969లో, గాంధీ శతజయంతి ఏడాది, మొదలైన పథకం అది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు పని చేయాలి, ఒక ఊళ్లో ఏడు రోజుల క్యాంపు ఉంటుంది. బడి గదిలోనే పడక. వీళ్ల జట్టు బోరింగ్ పక్కన ఇంకుడు గుంత తవ్వింది. మూడో రోజుకి అరచేతులు బొబ్బలెక్కితే, ఊళ్లో ఒక పెద్దావిడ నూనె రాసి "పార అట్ల పట్టుకోవద్దు బిడ్డా" అని దగ్గరుండి చూపించిందట. ఇంటికి చుట్టాలొస్తే గది దాటని పిల్ల, ఆఖరి రోజు ఊరివాళ్ల ముందు మైకు పట్టుకుని, మరుగుదొడ్డి ఉండీ నీళ్లు లేని ఇళ్లు ఎన్నో లెక్క చదివింది.

మార్కులంటారా, ఆ సెమిస్టర్‌లో ఒక పేపర్‌లో తగ్గాయి, నిజమే. తర్వాత సర్దుకుంది.

నాకు బాధ కలిగించేది వేరే. మాకు తెలిసిన ఇంకో అబ్బాయి కాలేజీలో మొక్కతో ఫొటో దిగితే చాలు, గంటలన్నీ రిజిస్టర్‌లో పడిపోయాయి. ఆ తండ్రి నిలదీయాల్సింది అలాంటి కాలేజీలను.